మా కారు గాలి నిరోధం 0.22 వచ్చింది. లెక్క ఎక్కడ తప్పింది?

గాలిపటం | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా నా బుర్ర తినేస్తున్న లెక్క ఇది. మా కారుకి డ్రాగ్ కోఎఫిషియంట్ (బండి ఆకారాన్ని గాలి ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే అంకె, ఇకపై సీడీ అంటాను) 0.30 అని కంపెనీ చెబుతోంది. అది నిజమో కాదో సొంతంగా తేల్చుకుందామని కోస్ట్‌డౌన్ టెస్ట్ చేశాను. పెద్ద పనేం కాదు. వేగంగా వెళ్తూ గేరు న్యూట్రల్‌లో వేసేసి, బ్రేకు ముట్టుకోకుండా, బండి దానంతటది ఎంతసేపట్లో నెమ్మదిస్తుందో చూడటమే.

బండిని ఆపేవి ముఖ్యంగా రెండు. ఒకటి టైర్ల రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు వచ్చే నిరోధం), ఇది వేగంతో పెద్దగా మారదు. రెండోది గాలి, ఇది వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. కాబట్టి ఎక్కువ వేగంలో ఒకసారి, తక్కువ వేగంలో ఒకసారి కొలిచి తేడా తీస్తే టైర్ల భాగం కొట్టుకుపోయి గాలి భాగం మిగలాలి.

నేను చేసింది: గంటకు 110 కి.మీ. వేగానికి తీసుకెళ్లి వదిలేశాను. 105 నుంచి 95కి రావడానికి, ఆ తర్వాత 45 నుంచి 35కి రావడానికి పట్టిన సెకన్లు రాసుకున్నాను. రోడ్డు ఒక చివర నుంచి వెళ్తే 9.0, 16.1. రెండో చివర నుంచి వస్తే 8.9, 16.4. ఇవి ఒక్కో వైపు నాలుగేసి సార్ల సగటు.

బండి మనుషులతో కలిపి 1250 కిలోలు. చక్రాలు తిరుగుతున్నందుకు ఇంకో 3 శాతం కలిపి 1290 వేశాను. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.16 కిలోలు. లెక్క కడితే సీడీఏ (సీడీని బండి ముందు వైపు వైశాల్యంతో గుణించింది) 0.478 చదరపు మీటర్లు. వైశాల్యం 2.2 అనుకుంటే సీడీ 0.217!

రెండు వైపులా దాదాపు ఒకే టైములు వచ్చాయి కాబట్టి రోడ్డు చదునే, గాలీ లేదు అనుకుంటున్నాను. మరి తప్పు ఎక్కడ?

వెనకసీటు | శనివారం, రాత్రి 9:31

తప్పేంటి అన్నా, పండగ చేసుకో. మెర్సిడెస్ ఈక్యూఎస్‌కి 0.20. నువ్వు నీ డబ్బా కారుతో దాని పక్కదాకా వచ్చేశావ్.

సీరియస్‌గా చెప్పాలంటే ఇలాంటివి రోడ్డు మీద తేలవు. విండ్ టన్నెళ్లు ఊరికే కట్టారా?

నిర్వాహకుడు | శనివారం, రాత్రి 9:50

ఇది చూసి ఇంకొందరు మొదలుపెడతారు కాబట్టి ముందే ఒక మాట. నడుస్తున్న బండిలో ఇంజన్ ఆపకండి. బ్రేకు బూస్టరు, పవర్ స్టీరింగ్ పోతాయి. తాళం పూర్తిగా తిప్పేస్తే స్టీరింగే లాక్ కావచ్చు. న్యూట్రల్ మాత్రమే. ఆటోమేటిక్ అయితే ముందు మాన్యువల్ చదవండి, కొన్నింటిలో కదులుతుండగా ఎన్‌లో వేయవద్దని రాసి ఉంటుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం 40లో పాకే మన బండి వెనక 100లో వచ్చేవాడు. గాలిపటం గారూ, మీరు ఎక్కడ చేశారు?

గాలిపటం | శనివారం, రాత్రి 10:04

పారిశ్రామిక వాడ లోపలి రోడ్డండీ. అనుమతి తీసుకుని, సెలవు రోజు తెల్లవారుజామున చేశాం. రెండున్నర కిలోమీటర్లు తిన్నగా ఉంటుంది, గేటు మూసి ఉంటుంది. నా స్నేహితుడు పక్కన కూర్చుని ఫోన్ చూసుకున్నాడు, నేను రోడ్డు తప్ప ఇంకేం చూడలేదు.

పాతస్పానర్ | ఆదివారం, ఉదయం 6:40

తమ్ముడూ, స్పీడోమీటర్ చూసి రాసుకున్నావా? అదే అయితే అక్కడే పోయింది. ఏ కంపెనీ మీటరైనా ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది, తక్కువ మాత్రం చూపించకూడదు. రూలే అంత.

లెక్కల మాస్టారు | ఆదివారం, ఉదయం 7:15

స్పానర్ గారు చెప్పింది నిజం. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు. ఎక్కువ మాత్రం పదో వంతు మీద ఇంకో 4 కి.మీ. దాకా చూపొచ్చు. అయితే దాని ప్రభావం ఇంత ఉండదు. మీటరు 5 శాతం ఎక్కువ చూపిస్తే మన సీడీఏ కూడా సుమారు 5 శాతమే తగ్గుతుంది. ఇక్కడ లోటు 25 శాతం పైమాట.

గాలిపటం గారూ, మీరు ఒక అంకె చెప్పలేదు. రోలింగ్ రెసిస్టెన్స్ గుణకం (టైర్ల నిరోధం బండి బరువులో ఎన్నో వంతో చెప్పేది) ఎంత వచ్చింది?

గాలిపటం | ఆదివారం, ఉదయం 8:02

అన్నా, స్పీడోమీటర్ కాదు, ఫోన్‌లో జీపీఎస్ యాప్. సెకనుకోసారి వేగం రాసుకుంటుంది, మధ్యలో విలువలు నేను లెక్కగట్టుకున్నాను.

మాస్టారూ, గుణకం 0.015 వచ్చింది.

లెక్కల మాస్టారు | ఆదివారం, ఉదయం 8:20

దొరికింది దారి. సరిగా గాలి ఉన్న మామూలు కారు టైరుకి 0.010 నుంచి 0.012 దాకా ఉండాలి. మీకు గాలి భాగం తక్కువగా, టైరు భాగం ఎక్కువగా వచ్చాయి. అంటే ఎక్కువ వేగంలో బండిని ఏదో ముందుకు నెట్టింది, లేదా తక్కువ వేగంలో ఏదో వెనక్కి లాగింది. రెండూ జరిగి ఉండొచ్చు కూడా.

పాతస్పానర్ | ఆదివారం, ఉదయం 8:41

వెనక్కి లాగేది బ్రేకు ప్యాడే. పిస్టన్ పూర్తిగా వెనక్కి పోక డిస్కుని రాసుకుంటూ ఉంటుంది, నడిపేవాడికి తెలియదు. జాకీ మీద లేపి ఒక్కో చక్రం చేత్తో తిప్పు. సుయ్‌మని ఆగిపోతే అదే. టైర్లలో గాలి ఎంత పెట్టావ్? బండి బాగా వేడెక్కాకే చేశావా? చల్లటి టైరు బరువుగా దొర్లుతుంది, కనీసం అరగంట నడిపి మొదలుపెట్టాలి.

గాలిపటం | ఆదివారం, మధ్యాహ్నం 1:17

జాకీ పెట్టి చూశాను అన్నా. వెనక ఎడమది కొంచెం శబ్దం చేస్తోంది కానీ నాలుగూ బాగానే తిరుగుతున్నాయి. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే. నలభై నిమిషాలు నడిపాకే మొదలుపెట్టాం.

ఛార్జింగ్‌లో ఉన్నా | ఆదివారం, మధ్యాహ్నం 2:05

బ్రేకు రాసుకుంటే రెండు వేగాల్లోనూ దాదాపు ఒకేలా లాగుతుంది కదా స్పానర్ గారూ, అది తేడాలో కొట్టుకుపోతుంది. టైరు గుణకం పెరుగుతుందేమో కానీ సీడీ తగ్గదు.

నేను నా ఎలక్ట్రిక్ కారుతో పోయినేడాది ఇదే చేశాను (రీజెన్, అంటే నెమ్మదించేటప్పుడు మోటారు బ్యాటరీని ఛార్జ్ చేయడం, పూర్తిగా ఆపేసి, ఎన్‌లో). నాకు 7 శాతం తేడా వచ్చి తల పట్టుకున్నాను. చివరికి చూస్తే గాలి సాంద్రత. మేం చేసిన చోటు సముద్ర మట్టానికి 600 మీటర్ల ఎత్తు. నేనేమో వాతావరణం యాప్‌లో చూపించే పీడనం వేశాను. ఆ యాప్ చూపించేది సముద్ర మట్టానికి సరిచేసిన అంకె, మనం నిలబడ్డ చోటి అంకె కాదు. ఫోన్‌లోనే బారోమీటర్ (గాలి పీడనం కొలిచేది) ఉంటే అది చూపించేదే వేసుకోవాలి. మీది కూడా అదేనా?

గాలిపటం | ఆదివారం, మధ్యాహ్నం 2:30

లేదండీ, మాది దాదాపు సముద్ర మట్టమే. 30 డిగ్రీల దగ్గర 1.16 సరిపోతుంది. గాలి కూడా యాప్‌లో గంటకు 6 కి.మీ. అని ఉంది, అంతే.

వెనకసీటు | ఆదివారం, మధ్యాహ్నం 2:44

గాలి "అంతే" కాదు బ్రదర్. 100లో వెళ్తుంటే ఎదురుగా పది కి.మీ. గాలి వస్తే నిరోధం 21 శాతం పెరుగుతుంది. అదే వెనక నుంచి వస్తే 19 శాతం తగ్గుతుంది. మీ 0.217 ఇక్కడే పుట్టింది.

లెక్కల మాస్టారు | ఆదివారం, సాయంత్రం 4:10

వెనకసీటు గారూ, అంకెలు కరెక్టే కానీ రెండు వైపులా సగటు తీస్తే ఏమవుతుందో చూడండి. 21 పెరిగి 19 తగ్గితే మిగిలేది 1 శాతం. ఇంకా మంచి సంగతి, ఆ మిగిలేది గాలి వేగపు వర్గం మాత్రమే. బండి 100లో ఉన్నా 40లో ఉన్నా ఆ మిగులు బలం ఒకటే. అంటే అది టైరు భాగంలోకి పోయి కూర్చుంటుంది, సీడీఏని ముట్టుకోదు. పది కి.మీ. గాలికి ఈ కారు మీద అది దాదాపు 3 న్యూటన్లు. ఇబ్బంది పెట్టేది పక్క గాలీ, ఆగి ఆగి కొట్టే గాలీ.

పైగా రోడ్డు పొడవునా గాలి ఉంటే వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ టైములు వేరుగా రావాలి. ఈయనకి 9.0, 8.9 వచ్చాయి.

గాలిపటం గారూ, ఒక ప్రశ్న. వానాకాలంలో ఆ రోడ్డు మీద నీళ్లు ఎక్కడ నిలుస్తాయి?

గాలిపటం | ఆదివారం, సాయంత్రం 4:52

మధ్యలో మాస్టారూ. అక్కడ ఒక కల్వర్టు ఉంది... ఓహ్.

లెక్కల మాస్టారు | ఆదివారం, సాయంత్రం 5:30

అదీ సంగతి. మీరు అటు నుంచి మొదలుపెట్టినా ఇటు నుంచి మొదలుపెట్టినా 100 వేగం కొలిచింది కల్వర్టు వైపు దిగేటప్పుడు, 40 వేగం కొలిచింది కల్వర్టు దాటి ఎక్కేటప్పుడు. 105 నుంచి 35 దాకా రావడానికి ఈ బండికి 1600 మీటర్ల పైనే కావాలి. కాబట్టి రెండు కొలతలూ రోడ్డు మీద వేర్వేరు చోట్ల పడ్డాయి. రోడ్డు గిన్నెలా ఉంటే రెండు దిక్కుల్లోనూ ఒకే తప్పు వస్తుంది, సగటు దాన్ని చెరపలేదు. రెండు వైపులా టైములు కలవడం చూసి చదునే అనుకున్నారు. ఆ కలవడమే మిమ్మల్ని మోసం చేసింది.

ఎంత వాలు ఉంటే ఈ తప్పు వస్తుందో వెనక్కి లెక్క కట్టాను. దిగేటప్పుడు 0.3 శాతం, ఎక్కేటప్పుడు 0.3 శాతం చాలు. వంద మీటర్లకి జానెడున్నర. కంటికి ఆనదు. కానీ 1250 కిలోల బండి మీద అది దాదాపు 37 న్యూటన్లు. మీ టైర్ల నిరోధం మొత్తం 135 ప్రాంతంలో ఉంటుందనుకుంటే ఇది అందులో పావు వంతు కంటే ఎక్కువ.

పాతస్పానర్ | ఆదివారం, సాయంత్రం 5:48

నీళ్లు నిలిచే చోటు అడిగి పట్టేశారు. దండం మాస్టారూ.

అయినా తమ్ముడూ, ఆ వెనక ఎడమ చక్రం శబ్దం వదిలెయ్యకు.

వెనకసీటు | ఆదివారం, రాత్రి 7:20

సరే, గాలి మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి దీనికి మందేంటి? బిలియర్డ్స్ బల్ల లాంటి రోడ్డు ఎక్కడ దొరుకుతుంది?

ఛార్జింగ్‌లో ఉన్నా | ఆదివారం, రాత్రి 7:41

చదునైన రోడ్డు అక్కర్లేదు. రెండు కొలతలూ ఒకే ముక్క మీద చేస్తే చాలు. 105 నుంచి 95 దాకా వచ్చేలోపు బండి సుమారు 230 మీటర్లు వెళ్తుంది. 45 నుంచి 35కి ఎక్కువ సేపు పడుతుంది కానీ నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి అదీ 220 మీటర్లే. దూరాలు భలే కలిశాయి. కల్వర్టుకి ఇవతల ఒక 250 మీటర్ల ముక్క ఎంచుకుని అంచున ఒక గుర్తు పెట్టుకోండి. గుర్తు దగ్గరికి 105లో వచ్చి వదలండి. మళ్లీ తిరిగొచ్చి అదే గుర్తు దగ్గరికి 45లో వచ్చి వదలండి. తర్వాత ఇవే రెండూ ఎదురు దిక్కులో. వాలు ఎంతున్నా రెండు వేగాలకీ ఒకటే కాబట్టి తేడాలో పోతుంది.

అన్ని ఫాస్ట్ రన్‌లూ ముందు, అన్ని స్లో రన్‌లూ తర్వాత అని మాత్రం పెట్టుకోకండి. నెమ్మదిగా తిరిగేసరికి టైర్లు చల్లారి రోలింగ్ పెరుగుతుంది. ఒకటి అది, ఒకటి ఇది.

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 8:05

ఆవిడ చెప్పింది అక్షరాలా అలాగే చెయ్యండి. ఒక్క జాగ్రత్త: రెండు దిక్కుల సెకన్లని సగటు తియ్యకండి. ఒక్కోదానికి విడిగా డిసెలరేషన్ (సెకనుకి వేగం ఎంత తగ్గిందో) కట్టి, వాటిని సగటు తియ్యండి. వాలున్న రోడ్డు మీద ఈ రెండూ ఒకటి కావు.

గాలిపటం | తర్వాతి ఆదివారం, ఉదయం 10:26

చేసేశాం! ముందు రోడ్డు సంగతి. ఫోన్ బారోమీటర్ పట్టుకుని రోడ్డు చివర నుంచి కల్వర్టు దాకా నడిచి వెళ్లాను. పీడనం 0.2 హెక్టోపాస్కల్ పెరిగింది, అంటే దాదాపు రెండు మీటర్ల పల్లం. ఇన్నాళ్లూ ఆ రోడ్డు పళ్లెంలా ఉందని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

ఇక టైములు. ఒక్కోటీ అయిదు సార్ల సగటు:
దిగే వైపు: ఫాస్ట్ 8.95 సెకన్లు, స్లో 24.4
ఎక్కే వైపు: ఫాస్ట్ 7.55, స్లో 16.3

స్లో రన్‌లో తేడా చూడండి, ఎనిమిది సెకన్లు! దిగేటప్పుడు 35కి ఎప్పుడొస్తుందా అని మా వాడికి ఆవలింతలొచ్చాయి.

మాస్టారు చెప్పినట్టు డిసెలరేషన్లు సగటు తీస్తే ఫాస్ట్‌కి 0.339, స్లోకి 0.142. (సెకన్లు సగటు తీసి ఉంటే స్లో 0.1365 వచ్చేది, 4 శాతం తప్పు.) తేడా 0.197. సీడీఏ 0.676. దాన్ని 2.2తో భాగిస్తే 0.307. టైరు గుణకం 0.0110!!

పాతస్పానర్ | తర్వాతి ఆదివారం, ఉదయం 10:33

శభాష్.

లెక్కల మాస్టారు | తర్వాతి ఆదివారం, ఉదయం 11:50

చాలా సంతోషం. మీ అంకెల్లోనే ఇంకో పరీక్ష దాగి ఉంది. ఎక్కే, దిగే డిసెలరేషన్ల తేడాలో సగం తీస్తే వాలు బయటపడుతుంది. ఫాస్ట్ రన్‌లని బట్టి కడితే 0.30 శాతం. స్లో రన్‌లని బట్టి కట్టినా 0.30 శాతం. రెండూ కలిశాయి. గాలి వీచి ఉంటే ఇవి కలవవు, ఎందుకంటే గాలి వల్ల వచ్చే తేడా వేగంతో పాటు పెరుగుతుంది, వాలు వల్ల వచ్చేది పెరగదు. కాబట్టి ఆ ఉదయం గాలి పట్టించుకోనక్కర్లేనంతే అని ధైర్యంగా చెప్పొచ్చు.

0.307లో చివరి అంకెని మాత్రం నమ్మకండి. ఫాస్ట్ రన్ టైములో అయిదో వంతు సెకను తప్పు జరిగితే సీడీఏ 4 శాతం కదులుతుంది. టైర్ల నిరోధం కూడా వేగంతో కాస్త పెరుగుతుంది, ఆ పెరిగింది గాలి ఖాతాలో పడుతుంది. 0.29 నుంచి 0.32 మధ్య ఎక్కడైనా అనుకోండి.

వెనకసీటు | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఆ 2.2 ఎక్కడిది మరి? అది తప్పైతే సీడీ కూడా తప్పే కదా. వెడల్పు ఇంటూ ఎత్తు ఇంటూ ఏదో గుణకం వేసినట్టున్నావు.

గాలిపటం | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:40

అవును, 0.84 వేశాను. ఫొటో తీసి పిక్సెళ్లు లెక్కబెడదామని చూశాను కానీ దగ్గర నుంచి తీస్తే బంపరు పెద్దగా, వెనకున్న పైకప్పు చిన్నగా పడుతున్నాయి.

ఛార్జింగ్‌లో ఉన్నా | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 1:10

యాభై మీటర్ల అవతల నిలబడి జూమ్ చేసి తీయండి, కెమెరా బండి సగం ఎత్తులో ఉండాలి. అద్దాలు, టైర్లు కూడా లెక్కే.

నా మటుకు నేను సీడీ కట్టడమే మానేశాను. బండిని ఆపేది సీడీఏ. సీడీ అందంగా ఉండి బండి లారీ అంత ఉంటే ఏం లాభం? 1921 నాటి రుంప్లర్ ట్రోఫెన్‌వాగెన్ అని నీటిబొట్టు ఆకారంలో ఒక కారు ఉంది. దాన్ని 1979లో ఫోక్స్‌వాగన్ వాళ్ల విండ్ టన్నెల్‌లో పెడితే 0.28 వచ్చింది. మీ కారు కంటే మేలే! అంత మాత్రాన మీ కారు కంటే తేలిగ్గా గాలిని కోస్తుందని చెప్పలేం, దాని ఎత్తు చూశారా?

ఇంటి టెస్టుతో అసలైన లాభం కంపెనీ అంకెతో పోల్చుకోవడం కాదు. మీ బండితోనే మీ బండిని పోల్చుకోవడం. సాంద్రతలో తప్పు, బరువులో తప్పు, వైశాల్యంలో తప్పు అన్నీ రెండు వైపులా ఒకేలా ఉండి పోతాయి. మీ బండి మీద క్యారియర్ లాంటిదేమైనా ఉందా?

గాలిపటం | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 1:22

ఉంది, గరాజ్‌లో. పోయినేడాది టూర్‌కి బిగించి, ఆ తర్వాత ఎనిమిది నెలలు తీయడానికి బద్ధకించి అలాగే తిరిగాను.

వెనకసీటు | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 1:25

ఖాళీ క్యారియర్ ఏం చేస్తుందిలే. రెండు ఊచలు.

గాలిపటం | ఆ పై ఆదివారం, ఉదయం 9:48

వెనకసీటు బ్రదర్, మీ కోసమే చేశాను. టైర్లు మారలేదు కాబట్టి ఫాస్ట్ రన్‌లు మాత్రమే, అదే గుర్తు, అదే 250 మీటర్లు. ముందు క్యారియర్ లేకుండా, తర్వాత బిగించి, మళ్లీ తీసేసి. మధ్యలో వాతావరణం మారిపోయిందేమో అన్న అనుమానం ఉండకూడదని మూడోది.

లేకుండా: దిగే వైపు 8.95, ఎక్కే వైపు 7.55
ఖాళీ క్యారియర్‌తో: 8.35, 7.1
మళ్లీ తీసేశాక: 8.9, 7.6

సీడీఏ 0.066 పెరిగింది. దాదాపు పది శాతం! 100లో 30 న్యూటన్ల అదనపు లాగుడు. పోయిన సారి నన్ను ముంచిన ఆ వాలు 37 న్యూటన్లు, ఈ రెండు ఊచలు దానికి కాస్తే తక్కువ.

వెనకసీటు | ఆ పై ఆదివారం, ఉదయం 10:02

ఎనిమిది నెలలు అలాగే తిరిగావా?

గాలిపటం | ఆ పై ఆదివారం, ఉదయం 10:05

గుర్తు చెయ్యకు.

ఇక అది గరాజ్ దాటదు. అన్నట్టు రెండోసారి విప్పేటప్పుడు చీకట్లో ఒక బోల్టు గడ్డిలో పడిపోయింది. గంట వెతికాం.

పాతస్పానర్ | ఆ పై ఆదివారం, ఉదయం 10:11

సైజు ఎంత? నా దగ్గర ఉండొచ్చు. ఆ వెనక ఎడమ చక్రం చూపించావా లేదా?